మూడు ఊళ్లకు మూడు ఐపీలు ఎందుకు?

సూర్యాపేటలో దుకాణం పెట్టి, కాస్త నిలదొక్కుకున్నాక కోదాడలో ఒకటి, మిర్యాలగూడలో ఒకటి తెరిచే వ్యాపారులు తక్కువేం కాదు. ఈ మూడు ఊళ్లూ ఒకదానికొకటి యాభై కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటాయి. ఒకప్పుడు మూడూ నల్లగొండ జిల్లాయే. 2016 అక్టోబరు 11న సూర్యాపేట, కోదాడ కొత్త జిల్లాలోకి వెళ్లాయి, మిర్యాలగూడ పాత జిల్లాలో ఉండిపోయింది. జిల్లాలు విడిపోయినా బేరం ఒకటే, ఖాతాదారులూ వాళ్లే. ఇలాంటి వ్యాపారికి డిజిటల్ మార్కెటింగ్ వాళ్లు చెప్పే ప్లాను ఒకటుంది. మూడు ఊళ్ల పేర్లతో మూడు వెబ్‌సైట్లు పెట్టాలి, మూడింటినీ వేర్వేరు ఐపీ అడ్రస్‌ల మీద ఉంచాలి, ఒకదాని నుంచి మరొకదానికి లింకులు ఇవ్వాలి. అప్పుడు గూగుల్‌కు అవి సంబంధం లేని మూడు సంస్థల్లా కనిపిస్తాయట, ఒకదాన్నొకటి మోసుకుంటూ మూడూ మొదటి పేజీలోకి ఎక్కుతాయట. కొటేషన్‌లో ‘సీ క్లాస్ ఐపీ’ అని ఒక లైను, దాని పక్కన నెలకు ఇంత అని అంకె. ఆ లైను మీద పెట్టే ప్రతి రూపాయీ దండగ అని నా వాదన. ఆ ప్లాను మొత్తం అమలు చేస్తే దండగతో పోదు, నష్టం కూడా వస్తుంది.

ఐపీ అడ్రస్ అంటే ఇంటర్నెట్‌లో సర్వర్‌కు ఉండే నంబరు. పాత పద్ధతి అయిన ఐపీవీ4లో ఇలాంటి నంబర్లు మొత్తం 430 కోట్ల లోపే. ప్రపంచమంతటికీ పంచిపెట్టే నిల్వ 2011 ఫిబ్రవరి 3న ఖాళీ అయింది. అయినా కొత్త వెబ్‌సైట్లు పుట్టడం ఒక్కరోజు కూడా ఆగలేదు. ఎందుకంటే ఒకే నంబరు మీద వందల సైట్లు నడపొచ్చు. 1997లో వచ్చిన హెచ్‌టీటీపీ 1.1 ప్రమాణం ప్రకారం, బ్రౌజర్ సర్వర్‌ను పేజీ అడిగేటప్పుడే తనకు ఏ సైటు కావాలో పేరు కూడా చెబుతుంది. పేరును బట్టి సర్వర్ పేజీ ఇస్తుంది. గూగుల్ రోబో వచ్చినా పేరు చెప్పే అడుగుతుంది. చవక హోస్టింగ్ అంతా నడిచేది దీనిమీదే. అంటే ఐపీ పంచుకోవడం మన చిన్న ఊళ్ల సైట్లకు పట్టిన ఖర్మ కాదు, ప్రపంచంలో మామూలు పద్ధతి అదే.

మరి వేర్వేరు ఐపీలు కావాలన్న నమ్మకం ఎక్కడిది? గాలిలోంచి ఊడిపడలేదు, దానికి మూలం ఉంది. 1998లో స్టాన్‌ఫర్డ్‌లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ వెబ్‌సైట్ల మధ్య లింకులను ఓట్లలా లెక్కగట్టే పద్ధతిని ప్రకటించారు. ఓటుకు విలువ వచ్చిన మరుక్షణం దొంగ ఓట్లూ వస్తాయి కదా! ఒకే యజమాని పది సైట్లు పెట్టి, పదింటి నుంచీ తనకే లింకులు ఇచ్చుకుంటే ఏం చేయాలి? ఆ రోజుల్లోనే కృష్ణ భరత్, జార్జ్ మిహైలా ‘హిల్‌టాప్’ అనే పరిశోధన పత్రంలో ఒక ఉపాయం చెప్పారు. ఐపీ అడ్రస్‌లోని నాలుగు సంఖ్యల్లో మొదటి మూడూ కలిస్తే ఆ రెండు సైట్లూ బంధువులని అనుకోవాలి, వాటి మాటను రెండు వేర్వేరు సాక్ష్యాలుగా లెక్కించకూడదు. మద్రాస్ ఐఐటీలో చదివి, తర్వాత గూగుల్ న్యూస్‌కు రూపకర్త అయిన భరత్ పేరు మీదే 2003లో గూగుల్‌కు వచ్చిన ఒక పేటెంట్‌లోనూ ఈ మూడు సంఖ్యల పరీక్ష ఉంది. మొదటి మూడు సంఖ్యలూ కలిసే ఐపీల గుంపునే ‘సీ క్లాస్’ అంటారు, ఆ మాట మార్కెట్లో అంతగా పాకడానికి మూలం ఈ పరీక్షే. అయితే ఆ పరీక్ష పని ఏమిటో గమనించాలి. పంచాయతీ ఎన్నికల్లో ఒకే ఇంటి నంబరు మీద నలభై ఓట్లు కనిపిస్తే అధికారికి అనుమానం వస్తుంది. అంతమాత్రాన నలభై ఇళ్లు అద్దెకు తీసుకున్న అభ్యర్థికి నలభై ఓట్లు పుట్టుకురావు. ఐపీ చూసేది దొంగ లింకులను తీసేయడానికి. సైటును పైకి ఎత్తడానికి ఐపీని వాడే సంగతి ఆ పత్రంలోనూ లేదు, ఆ పేటెంట్‌లోనూ లేదు. దొంగను పట్టే గుర్తును అమ్మకందారులు తిరగేసి, దొరకి ఇచ్చే బిరుదులా అమ్ముతున్నారు.

ఇంకో మూలం కూడా ఉంది, అది దీనికన్నా అమాయకమైనది. హెచ్‌టీటీపీఎస్ ఉన్న సైట్లకు ర్యాంకింగ్‌లో కాస్త మొగ్గు ఉంటుందని గూగుల్ 2014 ఆగస్టులో ప్రకటించింది. ఆ రోజుల్లో పాత విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్లు ఇంకా వాడకంలో ఉన్నాయి. ఒకే ఐపీ మీద అనేక సర్టిఫికెట్లు నడిపే పద్ధతి వాటిలోని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు తెలియదు. దాంతో ఎస్ఎస్ఎల్, అంటే ఆ సర్టిఫికెట్, కావాలంటే సొంత ఐపీ కొనండి అనేవారు. సర్టిఫికెట్ వల్ల వచ్చిన మొగ్గు జనం నోట్లో ఐపీ వల్ల వచ్చిందిగా మారిపోయింది. ఆ ఇబ్బంది తీరిపోయి ఏళ్లయింది, కొటేషన్‌లో లైను మాత్రం అలాగే ఉంది.

డబ్బు లెక్కలో చూద్దాం. అమెజాన్ క్లౌడ్ 2024 ఫిబ్రవరి 1 నుంచి ఒక్కో పబ్లిక్ ఐపీవీ4 అడ్రస్‌కు గంటకు 0.005 డాలర్లు తీసుకుంటోంది. నెలకు మూడున్నర డాలర్ల పైచిలుకు, మన లెక్కన మూడొందల చిల్లర. మొదటి పేజీలోకి ఎక్కడం నెలకు మూడొందల పనే అయితే హైదరాబాద్ పెద్ద కంపెనీలు ఊరుకుంటాయా? వాళ్లు మూడు కాదు, మూడొందలు కొంటారు. అందరూ కొన్నాక అది ఎవరికీ పనికిరాదు. ఇక కొత్త పద్ధతి అయిన ఐపీవీ6 వచ్చాక నంబర్లకు కొరతే లేదు. ఒక మామూలు కనెక్షన్‌కు ఇచ్చే బ్లాకులోని నంబర్లు పాత పద్ధతిలోని మొత్తం నంబర్లకు దాదాపు 430 కోట్ల రెట్లు. వాటిని లెక్కపెట్టి ర్యాంకులిస్తే ఆ సెర్చ్ ఇంజిన్ నెల తిరక్కుండా మూతపడుతుంది. మరోపక్క, సైట్లకూ చూసేవాళ్లకూ మధ్య నిలబడే క్లౌడ్‌ఫ్లేర్ వంటి సంస్థల వెనకున్న లెక్కలేనన్ని సైట్లు, అందులో మంచివీ చెత్తవీ, కొద్ది ఐపీలనే పంచుకుంటున్నాయి. వాటిలో మొదటి పేజీలో ఉన్నవీ ఉన్నాయి, ఎక్కడా కనిపించనివీ ఉన్నాయి. ఐపీ ఒకటే అయినప్పుడు ఈ తేడా ఇంకెక్కడి నుంచో వస్తున్నట్టే కదా. అన్నట్టు, ఏ, బీ, సీ క్లాసుల విభజననే ఇంటర్నెట్ 1993లో వదిలేసింది. ముప్పై ఏళ్ల కిందట రద్దయిన నోటును ఇంకా చలామణి చేస్తున్న మార్కెట్ ఇది.

ఐపీకీ ర్యాంకుకూ సంబంధం లేదని గూగుల్ కూడా చెప్పింది. ఆ సంస్థ తొలి ఉద్యోగి క్రెయిగ్ సిల్వర్‌స్టీన్ 2000ల మొదట్లోనే, ఒకే ఐపీ మీదున్న సైట్లనూ సొంత ఐపీ ఉన్న సైట్లనూ ఒకేలా చూస్తామన్నారు. తర్వాత గూగుల్ ప్రతినిధులుగా మాట్ కట్స్, జాన్ మ్యూలర్ అదే చెప్పారు. దీనికి వచ్చే ఎదురు ప్రశ్న గట్టిదే: గూగుల్ చెప్పినవన్నీ నిజమా? కావు. 2023లో అమెరికాలో జరిగిన గుత్తాధిపత్య కేసు విచారణలో ఆ సంస్థ సెర్చ్ విభాగం వైస్ ప్రెసిడెంట్ పాండు నాయక్ ఇచ్చిన సాక్ష్యంతో నావ్‌బూస్ట్ అనే వ్యవస్థ సంగతి బయటికొచ్చింది. జనం ఏ ఫలితం మీద క్లిక్ చేస్తున్నారో చూసి ర్యాంకులు సవరించే వ్యవస్థ అది. అంతకుముందు ఆ సంస్థ ప్రతినిధులు క్లిక్కుల ప్రాధాన్యాన్ని తగ్గించి మాట్లాడినవాళ్లే. కాబట్టి గూగుల్ మాట వేదవాక్కు అని నేను అనను. పై పేరాలోని వాదన గూగుల్ నోరు విప్పకపోయినా నిలబడుతుంది. పైగా దాచిపెట్టిన చోట బయటపడినది జనం ఏం ఎంచుకుంటున్నారన్న సంగతి. సర్వర్ నంబర్లు కావు.

ఇక మూడు సైట్ల ప్లాను. దీన్ని సమర్థించేవాళ్లు ఇలా అంటారు: సరే, ఐపీ పైకి ఎత్తదు, కనీసం దాచుతుంది కదా, ఒకే యజమాని అని తెలియకుండా ఉంటుంది కదా. 2000 ప్రాంతంలో అయితే ఈ మాటలో కొంత బలం ఉండేది. ఇప్పుడు అదే వ్యాపారి మూడు సైట్ల మీదా ఒకే జీఎస్టీ నంబరు పెడతాడు, ఒకే వాట్సాప్ నంబరు పెడతాడు, ఒకే డిజైను వాడతాడు, ఒకే గూగుల్ అనలిటిక్స్ ఖాతా కలుపుతాడు. పెట్టకుండా ఉండలేడు, పెట్టకపోతే కొనేవాడికి నమ్మకం కుదరదు. అందరికీ కనిపించేలా బోర్డు కట్టుకుని సర్వర్ నంబరు మాత్రం దాచడం దేనికి? ఇక రాత సంగతి. ఒక పేజీ రాయించి, ఊరి పేరు మార్చి మూడు చోట్ల అచ్చేస్తారు. మిర్యాలగూడ పేజీలో ‘రైల్వే స్టేషన్‌కు దగ్గర్లోనే’ అని ఉంటుంది. అదే వాక్యం సూర్యాపేట పేజీలోకీ వచ్చి కూర్చుంటుంది, ఆ పట్టణంలో స్టేషనే లేకపోయినా. ఇలా ఊళ్ల పేర్ల కోసం మాత్రమే పుట్టించే పేజీలను గూగుల్ 2015 మార్చిలో ప్రత్యేకంగా గురిపెట్టింది. దొంగ లింకులతో పైకొచ్చే సైట్ల మీద 2012 ఏప్రిల్ 24న గూగుల్ పెంగ్విన్ అప్‌డేట్ వచ్చింది. ఒకే యజమాని లింకుల కోసం నడిపే ప్రైవేటు బ్లాగ్ నెట్‌వర్కులను అనేకం 2014లో జాబితాలోంచే తీసేశారు. గుట్టలుగా పుట్టించిన రాతల మీద, గడువు తీరిన డొమైన్లు కొని నడిపే సైట్ల మీద 2024 మార్చిలో కొత్త నిబంధనలు పెట్టారు. ఆ బ్లాగ్ నెట్‌వర్కుల యజమానుల్లో చాలామంది వేర్వేరు ఐపీలకు డబ్బు పోసినవాళ్లే. అయినా దొరికారు. ఒకవేళ మన వ్యాపారి దొరక్కపోయినా లాభం లేదు. ఒక సైటుకు రావాల్సిన లింకులు, సమీక్షలు, పేరు మూడుగా చీలిపోతాయి. మూడూ బక్కచిక్కి, పెద్ద లిస్టింగ్ సైట్ల కింద పడి ఉంటాయి.

‘మా వాడికి ఐపీ మార్చాక ర్యాంకు పెరిగింది, కళ్లారా చూశాం’ అనే మాట తరచూ వినిపిస్తుంది. అబద్ధమని కొట్టిపారేయనక్కర్లేదు. కొత్త ఐపీతో పాటు కొత్త సర్వర్ వస్తుంది, అది పాతదానికన్నా వేగంగా ఉంటుంది. అదే వారంలో సైటుకు ఎస్ఎస్ఎల్ పడుతుంది, ఫోన్‌లో సరిగా కనిపించేలా డిజైను మారుతుంది, నాలుగు కొత్త పేజీలు చేరతాయి. గూగుల్ తన లెక్కలను ఏడాది పొడవునా మారుస్తూనే ఉంటుంది. పైగా యజమాని తన దుకాణం వైఫై నుంచి, తన ఫోన్‌లో, రోజుకు పదిసార్లు తన సైటునే వెతుక్కుంటే అది పైన కనిపించక ఏమవుతుంది? కాకతాళీయానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. తేల్చుకోవాలంటే మార్గం సులువు: మిగతావన్నీ అలాగే ఉంచి ఐపీ ఒక్కటే మార్చి, గూగుల్ ఉచితంగా ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో రెండు మూడు నెలల అంకెలు చూడాలి. అమ్మేవాళ్లెవరూ ఆ పరీక్ష పెడతామని ముందుకు రారు. వాళ్లు చూపించేది ఒక స్క్రీన్‌షాట్.

ఈ గందరగోళంలో ఒక నిజం కలిసిపోయి ఉంది, దాన్ని విడదీయాలి. వెతికేవాడి ఐపీ ఫలితాలను కొంత ప్రభావితం చేస్తుంది. కోదాడలో ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌తో, లొకేషన్ అనుమతి ఇవ్వని కంప్యూటర్‌లో వెతికితే, పేజీ అడుగున గూగుల్ మిమ్మల్ని హైదరాబాద్ వాసిగానో విజయవాడ వాసిగానో చూపించొచ్చు. అప్పుడు ఆ ఊరి దుకాణాలే పైన వస్తాయి. ఫోన్‌లో జీపీఎస్ ఉంటుంది కాబట్టి ఈ పొరపాటు తక్కువ. స్థానిక ఫలితాలకు గూగుల్ చెప్పే మూడు కొలతలు అడిగినదానికి సరిపోవడం, దూరం, పేరు. ఆ దూరం వెతికేవాడి నుంచి దుకాణం వరకు. సర్వర్ వరకు కాదు. మిర్యాలగూడ దుకాణం సైటు ముంబైలో ఉన్నా సింగపూర్‌లో ఉన్నా, మ్యాప్‌లో దుకాణం గుర్తు సరైన వీధిలో ఉంటే చాలు. ఆ గుర్తు పక్క వీధిలో పడిందేమో చూసుకోవడానికి ఖర్చేమీ కాదు, కానీ కొటేషన్లలో ఆ లైను ఉండదు.

సర్వర్ దేశంలో ఉంటే మంచిదన్న వాదన వేరు, దాన్ని ఒప్పుకోవచ్చు. అమెరికాలోని సర్వర్ నుంచి పేజీ రావడానికి పట్టే సమయం, దగ్గర్లోని సర్వర్ నుంచి పట్టే సమయం ఒకటి కావు. అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాద్‌లోనే తన డేటా సెంటర్లతో క్లౌడ్ రీజియన్ తెరిచింది. కానీ అక్కడ లాభం వేగం వల్ల, నంబరు వల్ల కాదు. అలాగే సొంత ఐపీ నిజంగా పనికొచ్చే చోటు ఒకటుంది. అది మెయిల్. స్పామ్ పంపేవాళ్ల బ్లాక్‌లిస్టులు ఎక్కువగా ఐపీని బట్టే నడుస్తాయి. మీతోపాటు అదే ఐపీ నుంచి మెయిల్ పంపే పొరుగువాడు చెత్త మెయిళ్లు పంపితే, కోల్‌కతా వ్యాపారికి మీరు పంపిన బియ్యం రేట్ల కొటేషన్ కూడా స్పామ్‌లో పడుతుంది. చవక షేర్డ్ హోస్టింగ్‌లో ఒక సైటును హ్యాక్ చేస్తే, సర్వర్‌ను సరిగా చూసుకోని చోట మిగతావాటికీ ముప్పే. ఈ కారణాలతో సొంత ఐపీనో, మంచి హోస్టింగో కొంటే తప్పు లేదు. ర్యాంకు కోసం అని రసీదు మీద రాయకపోతే చాలు.

ఇంత చెప్పాక, వెతికేవాళ్లు ఏం వెతుకుతున్నారో చూడకుండా వదలడం అన్యాయం. మిర్యాలగూడ చుట్టూ నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టు, దాన్ని నమ్ముకుని రైస్ మిల్లులు. 2022 జులై 18 నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ పడింది. దాంతో 26 కిలోల సంచి ఇంటింటి మాట అయింది. సంచి ఎందుకు 26 కిలోలు, లోపల ఉన్నది బీపీటీయా, ఆర్ఎన్ఆర్ 15048ఆ, హెచ్ఎంటీయా, కొత్త బియ్యమా పాతదా, ఎన్ని నెలలు నిల్వ ఉంచారు, నూక ఎంత శాతం, కనీస ఆర్డరు ఎంత, లారీ కిరాయి ఎవరిది అని ఇంట్లోవాళ్లూ అడుగుతారు, బెంగళూరు కిరాణా వ్యాపారీ అడుగుతాడు. మిల్లుల వెబ్‌సైట్లు ఎలా ఉంటాయో చూడండి: ‘నాణ్యతే మా నినాదం’ అని ఒక బొమ్మ, యజమాని ఫొటో, ఒక ఫారం. అడిగిన ప్రశ్నల్లో ఒక్కదానికీ జవాబు ఉండదు. కోదాడలో యాసంగి కోతలప్పుడు హార్వెస్టర్ గంటకు ఎంత అని వెతికే రైతుకు, సూర్యాపేటలో రాత్రి పదకొండుకు తెరిచి ఉండే మెడికల్ షాపు కోసం వెతికే మనిషికి, రెండేళ్లకోసారి దురాజ్‌పల్లిలో జరిగే పెద్దగట్టు జాతరకు వచ్చి గది కోసం చూసే కుటుంబానికి కూడా అంతే. వాళ్లకు కావలసింది సరైన వేళలు, ఎత్తే ఫోన్ నంబరు, నిన్నటి ధర. తెలుగులో మాట్లాడి వెతికేవాళ్లు పెరుగుతున్నా, ఆ మాటలు తెలుగులో రాసి ఉన్న దుకాణం పేజీ దొరకడం కష్టం. ఇంగ్లీషులో ఈ ఊళ్ల పేర్లకు రెండు మూడు స్పెల్లింగులు వాడుకలో ఉన్నాయి, చిరునామాలో ఒక స్పెల్లింగు, మ్యాప్‌లో ఇంకొకటి, బిల్లు మీద మరొకటి ఉంటే గూగుల్‌కే కాదు, కొరియర్ వాడికీ అయోమయమే.

జనం అడిగేవాటికి జవాబులు రాసిపెట్టే పని ఎవరూ ఎందుకు అమ్మరంటే, దీనికి లెక్క కట్టడం కష్టం. ఐదు ఐపీలు, పది ఐపీలు అంటే కొటేషన్‌లో రాయొచ్చు, కొన్నవాడికి చూపించొచ్చు. మిల్లులో గుమస్తాతో గంటసేపు కూర్చుని, రోజూ ఫోన్లో జనం ఏం అడుగుతున్నారో రాసుకుని, దాన్ని పేజీగా మార్చే పనికి ఎంత వేయాలి? వెబ్‌సైట్లు చేసే కుర్రాళ్లను మొత్తంగా మోసగాళ్లనడం న్యాయం కాదు. చాలామంది తాము నేర్చుకున్న కోర్సులో చెప్పినదే నమ్మి అమ్ముతున్నారు. కొనేవాడూ కంటికి కనిపించే వస్తువే కావాలంటాడు. బాధ్యత ఇద్దరిదీ. అయితే డబ్బు పోయేది ఒక్కడిదే కాబట్టి, అడగాల్సిందీ అతనే: ఈ ఐపీ లేకపోతే ఏ పదానికి ఏ స్థానం పోతుందో రాసిస్తారా?

ఇప్పటికే మూడు సైట్లు పెట్టేసినవాళ్లు గాబరా పడి రెండింటిని ఆపేయకూడదు. అప్పుడు ఉన్న కాస్త పేరూ పోతుంది. మూడింటిలో పాతది, ఎక్కువమంది చూసేది ఏదో సెర్చ్ కన్సోల్‌లో చూసుకుని దాన్ని ఉంచుకోవాలి. అందులో ఒక్కో ఊరి బ్రాంచికి ఒక పేజీ ఉండాలి. కోదాడ పేజీలో కోదాడ దుకాణం ఫొటోలు, అక్కడి మేనేజరు నంబరు, అక్కడ మాత్రమే దొరికే సరుకు. మిగతా రెండు సైట్ల ప్రతి పేజీ నుంచీ ఇందులోని తగిన పేజీకి శాశ్వత రీడైరెక్టు, అంటే 301, పెట్టించాలి. దాన్ని కనీసం ఏడాది పాటు తీయకూడదు, ఆ రెండు డొమైన్లను అంతకన్నా ఎక్కువ కాలం రెన్యూ చేస్తూ ఉండటం మేలు. మ్యాప్‌లో దుకాణాన్ని చూపించే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ మాత్రం మూడు దుకాణాలకు మూడు విడిగా ఉండాలి, ఒక్కోదాని లింకు ఆ ఊరి పేజీకే వెళ్లాలి. మూడు ఐపీల్లో ఒకదాన్ని మెయిల్ కోసం ఉంచుకుంటే ఉంచుకోవచ్చు. తక్కిన రెండింటినీ వచ్చే నెల బిల్లుకు ముందే రద్దు చేయించాలి, చాలా ప్యాకేజీల్లో అవి వాటంతటవే రెన్యూ అవుతాయి.